పొయ్యొస్తానన్న యువరాజు

మొసలి వీపు మీది నుంచి ఒడ్డుకు దూకిన సింగన్న తడిసిన పంచె పిండుకోలేదు. తీరిక లేదు. వెనక మొసలి ఉంది. ముందు వేపరేవు ఉంది. వేపరేవులో పూటకూళ్ళ సూరమ్మ ఇల్లు ఉంది. ఆ ఇంటి వంటసాలలో యువరాజు ఉన్నాడు. యువరాజు మీద పులుసు ఉడుకుతోంది.

సంగతి ఇది. కాంస్యపురి యువరాజు ధవళకేతుడు మూడేళ్ల కిందట గుగ్గిలభట్టు అనే మాంత్రికుడి గుహకు వెళ్లాడు. పిలిస్తే మర్యాదకు వెళ్లాడు. భట్టు దగ్గర ఒక సొరబుర్ర ఉంది. అందులో ఒక పిశాచం ఉంది. బుర్రకు బిరడా తీసి ఉన్నంతసేపూ ఎదుట ఎవరు ఏ మాట అన్నా ఆ పిశాచం "ఊ" అంటుంది. ఊ అంటే ఆ మాట జరిగిపోతుంది. దానికి మాటే తెలుసు, మాట వెనక మనసు తెలియదు. పైగా కాస్త చెవుడు. భట్టు ఆ రోజు కావాలనే బిరడా తీసి పెట్టాడు. యువరాజు, భట్టు ఇచ్చిన మజ్జిగ తాగి, లేచి, చేతులు జోడించి, "పొయ్యొస్తా భట్టుగారూ" అన్నాడు.

"ఊ" అంది బుర్ర.

పొయ్యి వచ్చింది. యువరాజు పోయాడు.

నడుమెత్తు పొయ్యి. బలపపు రాయి పొయ్యి. నాలుగు కాళ్లు, ముందు కట్టెలు పెట్టే నోరు, పైన కుండలకు రెండు కన్నాలు. భట్టు ఏడాదిపాటు దాని మీద కషాయాలు కాచుకున్నాడు. మసి పట్టి, పగిలి, ఒక మూల రాలాక సంతలో రెండు బస్తాల గుమ్మడికాయలకు మార్చేశాడు. గుమ్మడికాయలు ఇచ్చింది సూరమ్మ.

ఇప్పుడు ముసలిరాజు పోయాడు. ఎల్లుండి మిట్టమధ్యాహ్నం పట్టాభిషేకం. ఆ వేళకు యువరాజు సింహాసనం ఎక్కకపోతే గుగ్గిలభట్టు ఎక్కుతాడు.

సింగన్న రాచబిడ్డ కాదు. రాతిచిప్పలు చెక్కేవాడు. వాడి తల్లి పాలే యువరాజూ తాగాడు. అందుకని వాడు కత్తుల కొండ ఎక్కాడు, ఒంటికాలి మునిని వెతికి పట్టుకున్నాడు, ఎనిమిది రోజులు ఆయన రెండో కాలుగా నిలబడ్డాడు. ముని మెచ్చి, పొయ్యి ఎక్కడుందో చూపి, రెండు మాటలు చెప్పాడు.

"మళ్లీ ఆ బుర్రకే చెప్పాలి నాయనా, రాయి మనిషి కావాలని. కానీ తొందరపడకు. రాయి మీద ఏముంటే ఒంటి మీద అదే ఉంటుంది. మసి ఉంటే మసి. గీత ఉంటే గీత. పగులు ఉంటే..."

ముని పూర్తి చెయ్యలేదు. సింగన్న అప్పటికే కొండ దిగుతున్నాడు.

* * *

సూరమ్మ వంటసాలలో పొగ నల్లని ఏనుగుల గుంపులా తిరుగుతోంది. దూలాలకు వెల్లుల్లి జడలు, గోడల వెంట పర్వతాల్లా బానలు, మూలన మేరువులా గుమ్మడికాయలు. నడుమ పొయ్యి. దాని మీద మసి ఏ రంగు రాయో తెలియకుండా అట్టలు కట్టింది.

"ఎవరయ్యా నువ్వు? కాళ్లు కడుక్కోకుండా వంటింట్లోకి?" అంది సూరమ్మ గరిటె ఎత్తి. యాభై ఏళ్ల మనిషి. భుజాలు పాలెగాడివి.

"అక్కా, ఆ పొయ్యి మా దొర" అన్నాడు సింగన్న.

"ఆ. ఈ గరిటె మా మరిది."

అప్పుడు పొయ్యి దగ్గింది.

"సింగా? ఒరే, నువ్వేనా? కుండ దించరా. మాడు మాడిపోతోంది."

సింగన్న కుండ దించాడు. సూరమ్మ ఆశ్చర్యపోలేదు. పోతుందనుకుని సింగన్న ఆమె వైపు చూశాడు.

"మాట్లాడుతుందిలేవయ్యా" అందామె. "మంట ఉన్నంతసేపూ మాట్లాడుతుంది, చల్లారితే పడుకుంటుంది. ఎవరితో చెప్పను? చెబితే నన్ను కట్టేస్తారు. ఉప్పు చాలిందా అని అడుగుతా, చెబుతుంది. ఏడు ఊళ్ల వాళ్లు నా పులుసుకు వస్తారంటే ఎవరి చలవనుకున్నావు? ఇయ్యను. పో."

"సూరమ్మా" అంది పొయ్యి. "నేను యువరాజునని మొదటి రోజే చెప్పాను కదా."

"చెప్పావు నాయనా. ఊడిగం తప్పించుకోడానికి ప్రతివాడూ ఏదో ఒకటి చెబుతాడు."

సింగన్న భట్టు సంగతి చెప్పాడు. ఎల్లుండి సంగతి చెప్పాడు. మసి, గీత, పగులు సంగతి చెప్పాడు. సూరమ్మ విని, పైటచెంగుతో ముక్కు తుడుచుకుని, పులుసు కుండ వైపు చూసి, పొయ్యి వైపు చూసి, "బాగు చెయ్యి. తరవాత మాట్లాడదాం" అంది.

సింగన్న నిప్పులు లాగే ముందు వేళ్లతో రాయంతా తడిమాడు.

"దొరా, ఇక్కడ తాకితే?"

"మోకాలు."

"ఇది?"

"మెడ."

"ఇదీ?"

"అక్కడ మాత్రం మెల్లగా తోమరా."

సూరమ్మ మొహం అటు తిప్పుకుంది.

కుడివైపు పై మూల రాలిపోయి ఉంది, తమలపాకంత. "ఇది?"

"చెవి."

పొయ్యి నోటి అంచు నుంచి పైకి జానెడు పగులు. వేలిగోరు దూరుతోంది. లోపల ఎర్రగా నిప్పు కనిపిస్తోంది.

"ఇది దొరా?"

"గుండె" అంది.

సింగన్న నిప్పులు లాగేశాడు. రాయి చల్లబడింది. యువరాజు పడుకున్నాడు.

* * *

బలపపు రాయికి ఇనుము తగలకూడదు. అది మెత్తని రాయి, గోటితో గీసినా గీత పడుతుంది. సింగన్న కొబ్బరిచిప్ప పగలగొట్టి ఆ పెంకుతో గోకాడు. మొదటి పొర సూరమ్మ పులుసు. దాని కింద పొంగిన పాలు. దాని కింద ఉలవచారు. దాని కింద ఎవరి పెళ్లిదో పరమాన్నం. అన్నిటికన్నా కింద ఆకుపచ్చగా, ఎముకలా గట్టిగా భట్టు కషాయం. దానికి పెంకు లొంగలేదు. కుంకుడుకాయ రసం వేడిగా పోసి గోనెపట్ట కప్పి నానబెట్టాడు. అది బుసబుసమని లేచి, పిల్లిలా అరిచి, కిటికీలోంచి పారిపోయింది. పోతూ సూరమ్మ ఆరేసిన వడియాలు తొక్కింది.

"నీ కడుపు కాల!" అంది సూరమ్మ.

తరవాత ఏటి ఇసక. పలచని గుడ్డలో వస్త్రగాళితం పట్టిన ఇసక తడిగుడ్డకు అద్ది, గుండ్రంగా, బరువు వెయ్యకుండా. ఇసక తరవాత నత్తగుల్ల. నత్తగుల్ల తరవాత అరచెయ్యి. పొద్దు నడినెత్తి దాటేసరికి రాయి బయటపడింది. ఆహా, ఆ రాయి! పావురం మెడ మీద వాన వెలిసినట్టుంది. బూడిద రంగులో నీలం, నీలంలో పచ్చదనం, పచ్చదనంలో పాలతీగల్లా తెల్లని చారలు. ఏనాడో సముద్రం నిద్రపోయి అక్కడే గడ్డకట్టినట్టుంది. సూరమ్మ వేలితో తాకి చూసి, వేలు వెనక్కి తీసుకుంది.

"ఇంత అందగాడి మీదనా నేను ఉలవలు ఉడికించింది" అంది.

ఇక పగులు. పగులు పూడ్చాలంటే అదే జాతి రాయి పొడి కావాలి. వేరే రాతిపొడి పెడితే మంట తగలగానే ఊడి వస్తుంది. బలపపు రాతి గుట్ట నాలుగు రోజుల దారి. సింగన్న చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. అక్కడ బలపం ముక్క ఉంది, రాళ్ల మీద గుర్తులు గీసుకునేది. వాడు మూడేళ్లే బడికి వెళ్లాడు. మానేసిన రోజున యువరాజు తన బలపం విరిచి సగం ఇచ్చాడు. ఇరవై ఏళ్లు పొదుపుగా వాడాడు. వేలెడు మిగిలింది.

రోట్లో వేసి నూరాడు. సున్నం, బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలిపి ముద్ద చేశాడు. పగుల్లోకి ఈకతో నెట్టాడు. అడుగు నుంచి పైదాకా నిండింది. అంతే, అయిపోయింది. చెవికి మిగల్లేదు.

"చెవి లేకపోతే ఏమవుతుంది?" అంది సూరమ్మ.

"ఒంటిచెవి రాజు అవుతాడు."

"కిరీటం ఒక పక్కకు జారుతుంది కదయ్యా!"

ఆమె లేచి అటక మీది నుంచి ఒక రాతిచిప్ప దించింది. అదీ బలపపు రాయే. వాళ్ల అవ్వది. మూడు తరాలు దానిలో చింతపండు పులుసు తప్ప ఇంకోటి కాగలేదు. ఒట్టి చిప్పలో నీళ్లు మరగబెట్టినా పులుసు అవుతుంది. సూరమ్మ దాన్ని కాసేపు ఒళ్లో పెట్టుకుంది. ఆమె లేచి గడప రాయికేసి కొట్టింది.

"రెండేళ్లు నా కుండలు మోశాడు. చెవి లేకుండా పంపిస్తే నలుగురూ ఏమంటారు?" అంది. అని లోపలికి పోయి చాలాసేపు రాలేదు.

సింగన్న చిప్ప ముక్కను నత్తగుల్లతో అరగదీసి, మూలకు అమర్చి, ఆ రాలిన పొడితోనే ముద్ద చేసి అతికాడు. అతుకు కనపడలేదు. వాసన మాత్రం పోలేదు.

మర్నాడు రాయి ఆరింది. గోరువెచ్చని ఆముదం గుడ్డతో పట్టించాడు. రాయి నల్లకలువలా మెరిసింది. ఇక మంట. బాగుచేసిన రాయిని ఒక్కసారిగా మండించకూడదు. మొదట కొబ్బరిపీచు, తరవాత పుల్లలు, ఆ తరవాతే కట్టెలు. నూనె రాయిలోకి దిగేదాకా ఆ మంట ఆరకూడదు. వేడి మీద చన్నీళ్లు పడితే పగులు మళ్లీ విచ్చుకుంటుంది. ఈసారి మళ్లీ అతికి ఆరబెట్టే పొద్దు లేదు. బలపం లేదు.

పీచు కాలింది. పొయ్యి పలకలేదు.

పుల్లలు కాలాయి. పలకలేదు. సింగన్న రాయికి చెవి ఆనించాడు. చెవి కాలింది. రాయి లోపల ఏమీ లేదు.

"దొరా" అన్నాడు. "ఒరే" అన్నాడు. జన్మలో ఎప్పుడూ అలా అనలేదు.

సూరమ్మ వాడిని పక్కకు నెట్టింది. చిన్న కుండలో పులుసు తెచ్చి కన్నం మీద పెట్టింది. కుతకుత లాడనిచ్చింది. వంగి, మామూలుగా రోజూ అడిగినట్టే అడిగింది.

"నాయనా, ఉప్పు చాలిందా?"

కుండ మూత కదిలింది.

"చిటికెడు తక్కువ" అంది పొయ్యి.

* * *

మూడో రోజు పొద్దున్నే బండి కట్టారు. మండుతున్న పొయ్యిని రాజధానికి పట్టుకుపోవడం ఎలా? గుగ్గిలభట్టు భటులు ప్రతి దారిలోనూ ఉన్నారు. సూరమ్మ తన చనిపోయిన అత్తగారి పట్టుచీర తీసింది. వేడినీళ్లలో తడిపి, పిండి, పొయ్యికి కట్టింది. పైన ముసుగు వేసింది. ముసుగులోంచి పొగ వచ్చింది.

"పొగ ఏమిటంటే?" అన్నాడు సింగన్న.

"మా అత్త చుట్ట తాగేది. అడ్డపొగ, నిప్పు నోట్లో పెట్టుకుని. అందరికీ తెలుసు."

దారిలో ముగ్గురు దొంగలు అడ్డం వచ్చారు. ముసలావిడను చూసి కత్తులు పక్కన పెట్టి పాదాలకు మొక్కారు. నుదుళ్లు కాలాయి. మహిమగల తల్లి అనుకుని ఏటి వంతెన దాకా తోడొచ్చారు. వంతెన కూలి ఉంది. దొంగలే వంతెనగా పడుకున్నారు. బండి దాటింది.

పొద్దు నడినెత్తికి వస్తుండగా కాంస్యపురి కోట కనిపించింది. ఏడు బురుజులు ఏడు గుర్రాల్లా ఆకాశం మీదికి లంఘిస్తున్నాయి. కంచు కలశాల మీద ఎండ కరిగి కారుతోంది. తోరణాలు, పూలు, పన్నీరు, లోపల పట్టాభిషేకం వంటల పొగ. కోట వాకిలి ముందు పెద్ద వరస. వరస చివర పీట మీద గుగ్గిలభట్టు కూర్చున్నాడు. ఒళ్లో సొరబుర్ర. బిరడా తీసి ఉంది.

లోపలికి వెళ్లే ప్రతివాడూ తానెవరో, తెచ్చిందేమిటో బుర్ర ముందు చెప్పాలి. అబద్ధం చెబితే ఆ అబద్ధమే అయిపోతాడు. అప్పటికే ఒకడు తాను రాజబంధువునని చెప్పి రాజుగారి ఏనుగుకు బావమరిది అయ్యాడు. ఏనుగు వాడిని వదలడం లేదు. భట్టు మాత్రం తాను మాట్లాడేటప్పుడు బుర్ర నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకునేవాడు.

బండి ముందున్న కరణం గారికి ఓపిక పోయింది.

"పొద్దుటి నుంచి నిలబడి కళ్లు కాయలు కాచాయండీ!" అన్నాడు.

"ఊ" అంది బుర్ర.

కరణం గారి కళ్ల నుంచి రెండు బీరకాయలు వేలాడాయి. వరసంతా నోరు మూసుకుంది.

బండి వంతు వచ్చింది. భట్టు బుర్రకు చెయ్యి అడ్డం పెట్టి, "ఎవరా ముసలావిడ?" అన్నాడు. చెయ్యి తీశాడు.

మా అత్త అని సూరమ్మ చెబితే పొయ్యి ఆమె అత్త అయిపోతుంది. యువరాజు ఇక ఉండడు. సూరమ్మకు అంతకన్నా పెద్ద భయం ఉంది. అత్త తిరిగి వస్తుంది.

సూరమ్మ పైటచెంగు కళ్లకు ఒత్తుకుంది.

"ఏం చెప్పను బాబయ్యా. పొయ్యే ప్రాణం" అంది.

"ఊ" అంది బుర్ర.

ఏమీ మారలేదు. పొయ్యే ప్రాణం. ముందే అంతే కదా. భటులు అయ్యో అని దారి ఇచ్చారు. ఎడ్లు కదిలాయి.

అంతలో భట్టు ముక్కు ఎగబీల్చాడు. బుర్ర మూశాడు.

"ఆగండి. ఈ ముసలిదాని చెవి దగ్గర పులుసు వాసన వస్తోందేమిటి? చావబోయే మనిషికి ఇంత సెగ ఏమిటి?" లేచి వచ్చాడు. ముసుగు వైపు చూశాడు. నవ్వాడు. "పాపం, ఎండదెబ్బ తగిలింది. దళవాయీ! ఒక కడవ చన్నీళ్లు. నెత్తి మీద పొయ్యి."

దళవాయి బావి నీళ్ల కడవ ఎత్తాడు. భట్టు ఇక్కడ అన్నట్టు బండి వైపు చూపించాడు. చూపించడానికి చెయ్యి కావాలి. బుర్ర మీద చెయ్యి తీశాడు.

సూరమ్మ అది చూడలేదు. కడవే చూసింది.

"నీ నోట్లో మన్ను పడ!" అంది.

"ఊ" అంది బుర్ర.

పడింది. తట్టెడు పడింది. ఎక్కడి నుంచి పడిందో తెలియదు. గుగ్గిలభట్టు రెండు బుగ్గలూ బూరెల్లా పొంగి, బుర్ర వదిలేసి, రెండు చేతులతో నోరు పెళ్లగించుకోవడం మొదలుపెట్టాడు. సింగన్న దళవాయి మీదికి దూకాడు. కడవ పగిలింది. నీళ్లు నేలపాలయ్యాయి. కానీ దోసెడు ఎగిరి రాయి మీద పడ్డాయి, సరిగ్గా నోటి పైన. చుర్రుమంది. తెల్లని ఆవిరి లేచింది. టక్కుమని ఒక చప్పుడు.

సింగన్న ముసుగు చింపి చూశాడు. అతుకు వెంట నీటిబొట్టు ఒకటి జారుతూ, కాగుతూ, ఇగిరిపోయింది. బలపం నిలబడింది. టక్కుమన్నది ఎద్దు మెడలో మువ్వ.

వాడు దొర్లుతున్న బుర్రను పట్టుకున్నాడు. దారంతా లోపలే చెప్పుకున్న మాట, పోవడమూ రావడమూ లేని మాట, బుర్ర నోట్లో నోరు పెట్టి చెప్పాడు.

"ఈ రాయి మా దొర."

"ఊ" అంది బుర్ర.

బండి మీద పట్టుచీర కట్టుకుని ఒక యువకుడు నిలబడి ఉన్నాడు. పావురం మెడలా మెరుస్తున్న ఒళ్లు. ఎడమ రొమ్ము మీద జానెడు తెల్లని గీత, బలపంతో గీసినట్టు. రెండు చెవులూ ఉన్నాయి. కుడిచెవి దగ్గర ఈగ ఒకటి తిరుగుతోంది. నోట్లోంచి ఇంకా కాస్త పొగ వస్తోంది. యువరాజు ఏదో అనబోయాడు. సింగన్న అరచేత్తో ఆ నోరు మూశాడు. బుర్ర సూరమ్మ ఒళ్లో పడేసి, వేలు తన పెదవుల మీద పెట్టి చూపించాడు. సూరమ్మ తల ఊపింది.

దళవాయి అప్పటికే లోపలికి పరుగెత్తి కోట తలుపులు మూయించాడు. గడియ పడింది. లోపల ముహూర్తం శంఖం ఒకసారి ఊదారు. మూడోసారి ఊదేలోగా సింహాసనం ఎక్కాలి.

యువరాజు బండి దిగాడు. రెండడుగులు వేశాడు. ఆగాడు. రెండేళ్లు తన మీద అన్నం వండిన చేతుల వైపు తిరిగి, మాట లేకుండా నమస్కారం పెట్టాడు.

సూరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. గుమ్మం దాటే ఏ బిడ్డకైనా ఆమె జన్మంతా అన్న మాట ఒకటే. అదే వచ్చేసింది.

"పొయ్యి రా నాయనా" అంది.

"ఊ" అంది బుర్ర.

ఒక క్షణం ఏమీ లేదు. తరవాత ఊరంతా ఒక పెద్ద కడుపులా గుడగుడమంది. ఇళ్లలోంచి కేకలు. మొదట వీధి మలుపులో ఒక మట్టిపొయ్యి వచ్చింది, మీద అన్నం కుండతో, చక్కగా నడుచుకుంటూ. దాని వెనక ఇంకోటి. ఇంకోటి. మూడు రాళ్ల పొయ్యిలు గెంతుతూ వచ్చాయి. కంసాలి కొలిమి బుసకొడుతూ వచ్చింది. వెనక గరిటెలు పట్టుకుని ఊరి ఆడవాళ్లంతా వచ్చారు. భటులు బల్లేలు పారేసి బురుజులు ఎక్కారు.

అప్పుడు కోట లోపల నుంచి అరుపులు వినిపించాయి. పట్టాభిషేకం విందుకు తవ్విన గాడిపొయ్యి బయలుదేరింది. గాడిపొయ్యి అంటే బారెడు వెడల్పు గొయ్యి. గొయ్యి ఎలా వస్తుంది? వచ్చింది. నేలను నోటితో నమిలినట్టు తవ్వుకుంటూ, కణకణమనే నిప్పులతో, మూసిన తలుపుల కింద నుంచి ఇవతలికి వచ్చి ఆగింది. తలుపుల కింద మనిషి దూరేంత దారి పడింది. దారి నిండా నిప్పులు.

సింగన్న నిప్పులు చూశాడు. యువరాజు సింగన్నను చూశాడు.

"ఎక్కరా వీపు మీద" అన్నాడు వాడి చెవిలో, బుర్రకు వినపడకుండా. "మూడేళ్లు ఇవి నా కడుపులో ఉన్నాయి."

సింగన్నను మూపున వేసుకుని, పట్టుచీర కుచ్చిళ్లు ఎగ్గట్టి, యువరాజు నిప్పుల గోతిలోకి దూకి తలుపుల కిందికి దూరాడు. లోపల రెండో శంఖం మోగింది.

బయట సూరమ్మ బుర్రను చంకన పెట్టుకుని, వంగి, బండి కింద, ఎడ్ల కాళ్ల మధ్య, పొయ్యిల మధ్య బిరడా వెతుకుతోంది. బిరడా దొరకలేదు. బీరకాయల కరణం గారు తడుముకుంటూ సాయం చేస్తున్నారు.

ఆమె వెనక గుగ్గిలభట్టు ఆఖరి మన్నుగడ్డ ఉమ్మేశాడు. నాలుక తుడుచుకున్నాడు. బుర్ర వైపు తిరిగి నోరు తెరిచాడు.

ఉమ్మిన చప్పుడుకు తిరిగి సూరమ్మ కూడా తెరిచింది.